కాకకు కట్టిన గద్దె

ఈమధ్య ఏదో ఎన్నికల సభ కోసం సిరిసిల్లలో హెలికాప్టర్ దిగింది. ఆ సమయానికి నేను బస్టాండు ఎదురుగా ఉన్న హోటల్లో చాయ్ తాగుతున్నాను. చప్పుడు వినగానే హోటల్ ఖాళీ అయిపోయింది. మిర్చీలు వేసే మనిషి జల్లిగంటె చేత పట్టుకునే రోడ్డు మీదికి పరుగెత్తాడు. మూకుట్లో మిర్చీలు మాడుతున్న వాసన వస్తోంది. నేను గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను. అది మా ఇంటి అలవాటు. ఆ చప్పుడుకు మా ఇంట్లో ఎవరం తల ఎత్తం. మా పిల్లలు ఎత్తుతారు. ఎందుకు ఎత్తమో వాళ్ళకు ఎప్పుడూ చెప్పలేదు.

పత్రికలో పనిచేసినన్నాళ్ళు ఎందరి చావుల గురించో రాశాను. మా ఇంటి చావు గురించి రాయలేదు. రాయమని ఎవరూ అడగలేదు, రాస్తానని నేనూ అనలేదు.

మాది తంగళ్ళపల్లి. మానేరుకు ఈవల మేము, ఆవల సిరిసిల్ల. ఇంటి ముందు భాగంలో మేముండేవాళ్ళం. వెనుక రేకుల షెడ్డులో సాంచెలుండేవి. మరమగ్గాన్ని మా దగ్గర సాంచె అంటారు. అవి నడుస్తున్నంతసేపూ వంట అర్రలో గిన్నెలు వాటంతటవే కదులుతుండేవి. ఆ మోతలో నిద్రపోయే పసిపిల్లలు కరెంటు పోయి చప్పుడు ఆగితే ఉలిక్కిపడి లేచి ఏడ్చేవాళ్ళు. నూలు దుమ్ము, గంజి, మిషను నూనె కలిసిన వాసన మా బట్టలకూ వెంట్రుకలకూ పట్టి ఉండేది. బడిలో రైతుల పిల్లలు "సాంచెలోల్లు అచ్చిండ్రు, జరుగుండ్రి" అని ముక్కు మూసుకునేవారు. "మీకాడ పెండ కంపు రాదా?" అని మేమూ అంటించేవాళ్ళం.

మా నాన్నను బాపు అనీ, ఆయన తల్లిని బాపమ్మ అనీ పిలిచేవాళ్ళం. పొద్దంతా అరుగు మీద కూర్చుని కండెలు చుట్టేది. ఎడమచేతిలో పోగు, కుడిచేతిలో రాట్నం, నోట్లో తంబాకు. దారిన పోయే మనిషిని పలకరించకుండా పోనిచ్చేది కాదు. ఆమెకు ఇద్దరు కొడుకులు. "పెద్దోడు సాంచె మీదికెల్లి తల ఎత్తడు, సిన్నోడు కిందికి సూడడు. నేను నడుమ కండెలు సుట్టుకుంట సావాలె" అని నవ్వేది. పెద్దోడు మా బాపు. చిన్నోడు మా కాక. ఆయన చిన్నప్పుడే ఏదో పరీక్ష రాసి మిలిటరీ బడికి పోయాడు. అక్కడి నుంచి విమానాల దళానికి పోయి హెలికాప్టర్ తోలేవాడయ్యాడు. 

బాపమ్మ పుట్టినిల్లు కోరుట్ల. కాకను చంకనేసుకుని పుట్టింటికి పోతూ జగిత్యాలలో బస్సు దిగినప్పుడు ఖిల్లా చూపించిందట. కాస్త పెద్దయ్యాక మళ్ళీ తీసుకుపోతే బురుజు ఎక్కి కూర్చుని దిగనన్నాడట. "కోరుట్ల బస్సు పాయె, ఎనుక బస్సూ పాయె. వీడు దిగడు. ఆఖరికి జిలేబి ఆశ వెట్టి దించిన" అని ఆ కథ ప్రతి చుట్టానికీ చెప్పేది. తర్వాతి రోజుల్లో ఆ కథ చివర మరో మాట చేరింది. "గా బురుజు సూపియ్యకపోతె బతుకుతుండె గావచ్చు."

అవి మా వైపు ఊళ్ళు రెండు భయాల మధ్య బతుకుతున్న రోజులు. నక్సలైట్లను అందరూ అన్నలు అనేవారు. వాళ్ళు ఎప్పుడు వచ్చేవారో పిల్లలకు తెలియదు. వచ్చిపోయిన సంగతి తెల్లారాక గోడల మీది ఎర్ర అక్షరాలు చెప్పేవి. పోలీసులు మాత్రం జీపుల్లో వచ్చేవారు. వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు జీపులో వెళ్ళేవారు. ఎవరు ఏమడిగినా "తెల్వది సార్" అనాలని మాకు అఆల కంటే ముందే నేర్పారు. అడవిలో చనిపోయినవాళ్ళకు ఊరి బయట ఎర్ర స్థూపాలు లేచేవి. కొన్నాళ్ళకు అవి కూలేవి. మళ్ళీ ఎక్కడో మరొకటి లేచేది.

అలాంటి రోజుల్లో కాక చివరిసారి సెలవు మీద వచ్చాడు. లంకకు పోయిన మన సైన్యంతో ఆయనా పోవాలని ఉత్తర్వు వచ్చింది. ఆయన జుట్టు చూసి బాపమ్మ గుండె జారింది. పక్కలు తెల్లగా, నెత్తి మీద ఇంత కుచ్చు.

"గిదేం కటింగురా? పోలీసోడనుకుంటరు. తువ్వాల సుట్టుకో."

"ఎండల్ల తువ్వాల సుట్టుకొని తిరుగుతె దొంగ అనుకుంటరే అవ్వా."

"దొంగ అనుకుంటె తంతరు. పోలీసనుకుంటె సంపుతరు. సుట్టుకో."

మా పక్కింట్లో ఒక ముసలి దర్జీ ఉండేవాడు. మేమంతా చాచా అని పిలిచేవాళ్ళం. ఆయన మిషను తొక్కుతూనే అరిచాడు. "ఏం పైలట్ సాబ్, ఆస్మాన్ల తిరిగెటోనివి, అవ్వకు భయపడుతవా?"

"ఆస్మాన్ల అవ్వ ఉండదు గద చాచా" అన్నాడు కాక. తువ్వాల మాత్రం చుట్టుకున్నాడు.

డ్రెస్సులో దిగిన పెద్ద ఫోటోను పటం కట్టించి తెచ్చాడు. బాపమ్మ దాన్ని గోడకు తగిలించి, బొట్టు పెట్టి, పోయేవాళ్ళనూ వచ్చేవాళ్ళనూ లోపలికి పిలిచి చూపించడం మొదలుపెట్టింది. సాయంత్రం షెడ్డులోంచి వచ్చిన బాపు పటం చూసి తలుపు దగ్గరికి వేశాడు.

"తియ్యవ్వా. గా డ్రెస్సు సూస్తె గిది ఎవల ఇల్లనుకుంటరు?"

"నా కొడుకు పోలీసా? విమానం తోలెటోడు."

"విమానం ఎవలడుగుతరే? భుజాల మీద పట్టీలు సూస్తరు."

కాకే లేచి పటం తీశాడు. "పెద్దోని మాట ఇను అవ్వా. బీరువల ఉంటె నాకు సల్లగుంటది" అన్నాడు. పటం బీరువాలో చీరల కిందికి చేరింది. 

ఆ వారం నేను చేసిన పని ఇంట్లో చాలాకాలం చెప్పుకున్నారు. కాక టోపీ పెట్టుకుని, ఆయన బూట్లలో కాళ్ళు దూర్చి, షెడ్డులోకి టకటకమంటూ నడిచాను. తలుపు దగ్గరి సాంచె ఆగింది, ఆ వెనుకదీ ఆగింది. ఒక పనివాడు కిటికీ వైపు చూశాడు. నా కాళ్ళకు బూట్లు జారిపోతుంటే అప్పుడు అందరూ నవ్వారు. "దండం సార్, మేమేం జెయ్యలె" అని ఒకాయన చేతులు పైకెత్తాడు. బాపు నవ్వలేదు. నా వీపు మోగింది. కాక వచ్చి నన్ను ఎత్తుకుని, "డ్యూటీల ఉన్న ఆఫీసర్‌ను కొడుతవా అన్నా?" అన్నాడు. బాపు అప్పుడు కూడా నవ్వలేదు.

కాక పోయేరోజు బాపమ్మ రేకు డబ్బా నిండా సకినాలు పెట్టి ఇచ్చింది. నువ్వులు, వాము దండిగా వేసి చేసినవి. ఇల్లంతా నూనె వాసన. "లంకల రావణుడున్నడా కాకా?" అని అడిగాను. "సూసొచ్చి చెప్త" అన్నాడు. తువ్వాల తలకు చుట్టుకుని బస్సెక్కాడు.

సీతాఫలాలు వచ్చే కాలంలో జీపు వచ్చింది.

మధ్యాహ్నం. నేను అరుగు మీద బాపమ్మ పక్కన కూర్చుని పండు తింటూ గింజలు వాకిట్లోకి ఉమ్ముతున్నాను. దూరంగా జీపు మోత వినబడగానే వాడలో ఒక్కొక్క తలుపే పడింది. మా వెనుక సాంచెలు ఆగిపోయాయి. పనివాళ్ళు, వాళ్ళతోపాటు మా బాపు, వెనుక గోడ దూకి చేన్లలో పడ్డారు. మా అమ్మ తమ్ముణ్ణి లోపలికి లాక్కుని గొళ్ళెం పెట్టింది. జీపు వచ్చి ఆగేసరికి వాడలో బయట కనబడుతున్నది బాపమ్మా నేనే. ముసలిదాన్నేం చేస్తారన్నది ఆమె ధీమా.

దిగినవాళ్ళు ఇద్దరు. ఖాకీ కాదు, నీలం డ్రెస్సు. వాళ్ళ దగ్గర ఒక చీటీ ఉంది. చీటీలో చూసి ఒక పేరు పిలిచారు. మూసిన తలుపులకు చెబుతున్నట్టు ఆ పేరు ఇటు తిరిగి ఒకసారి, అటు తిరిగి ఒకసారి పిలిచారు. అది కాక పూర్తి పేరు. ఇంట్లో ఎవరం అలా పిలవం కాబట్టి బాపమ్మకు తెలియడానికి కొంచెంసేపు పట్టింది. తెలియగానే రాట్నం వదిలి లేచి నిలబడింది.

"నా కొడుకే! సుట్టీ మీద అచ్చిండా?" అని జీపులోకి తొంగి చూసింది.

వాళ్ళు హిందీలో ఏదో అన్నారు. ఆమెకు అర్థం కాలేదు. అప్పుడు చాచా తలుపు తీసుకుని మెడలో టేపుతో బయటికి వచ్చాడు. వాళ్ళు చెప్పింది విన్నాడు.

"ఏమంటున్నరు చాచా?" అన్నాను నేను.

"అక్కా, కూసో" అన్నాడు బాపమ్మతో.

"నేనెందుకు కూసోవాలె? అచ్చినోల్లను కూసోమను. చాయ్ తాగుతరా అడుగు."

"తాగరక్కా. నువ్వు కూసో."

"గంత దూరంకెల్లి అచ్చి చాయ్ తాగకుంట పోతరా? అడుగు నువ్వు."

చాచా ఆమె చెయ్యి పట్టుకుని అరుగు మీద కూర్చోబెట్టాడు. "చిన్నోని హవాయి జహాజ్ సముద్రంల పడ్డదంట అక్కా" అన్నాడు. 

"ఎవలన్న తీసిండ్రా?"

"దేవులాడిండ్రంట. దొరకలేదంట."

బాపమ్మ ఏడవలేదు. "ఈత అచ్చు వానికి. మానేరుల ఈదిండు" అంది. ఆ మాట హిందీలోకి ఎలా మార్చాలో చాచాకు తెలియలేదు. నీలం డ్రెస్సులవాళ్ళు టోపీలు తీసి చేతుల్లో పట్టుకుని ఎండలో నిలబడ్డారు. వాడంతా తలుపుల సందుల్లోంచి చూస్తోంది. చాచాది తప్ప తలుపు ఒక్కటీ తెరుచుకోలేదు. మా బాపుకు తమ్ముడు పోయిన సంగతి చీకటి పడ్డాక, చేన్లోంచి ఇంటికి వచ్చాక తెలిసింది.

ఆ తర్వాత కాక పెట్టె వచ్చింది. మడత నలగని బట్టలు, గడ్డం గీసుకునే సామాను, అడుగున బాపమ్మ ఇచ్చిన సకినాల డబ్బా. మూత తీస్తే ముక్కిన నూనె వాసన గుప్పుమంది. సగం సకినాలు అలాగే ఉన్నాయి. బాపమ్మ పిల్లలందరినీ వరుసగా కూర్చోబెట్టి తలా ఒకటి పెట్టింది. "కాక పంపిండు. తినుండ్రి." మేము నమిలాం. చేదుగా ఉన్నాయి. ఎవరం ఉమ్మలేదు.

శవం లేదు. శవం లేకపోతే మోదుగు ఆకులతో మనిషి బొమ్మ చేసి కాల్చాలని కులపెద్ద చెప్పాడు. బాపమ్మ ఒప్పుకోలేదు.

"ఆకులు గాలవెట్టి గిదే నీ కొడుకంటె నేను ఏడ్వాల్నా? నాకు వాని జాగా గావాలె. వాడు గీడున్నడు అనుకొని నేను కూసునే జాగా. గంతే."

ఇక ఆమెకు వేరే కోరిక లేదు. తిండి తిన్నా, కండెలు చుట్టినా అదే మాట. మాకు రోడ్డు పక్కన చిన్న చెలక, వానకు పండే మెట్ట చేను, ఉండేది. అందులో గద్దె కట్టించాలని పట్టుబట్టి, పుట్టింటివాళ్ళతో చెప్పి కోరుట్ల వైపు నుంచి ఒక మేస్త్రిని రప్పించింది. ఆయన మా చెలకలోనే పొయ్యి పెట్టుకుని, మక్క గటక వండుకుని తింటూ పనిచేశాడు. బాపమ్మను ఒకే ప్రశ్న అడిగాడు. "పిలగాడు ఎట్ల పోయిండు?" ఆమె "కొట్లాటల" అంది. ఆయన ఇంకేమీ అడగలేదు.

బాపు సాంచెల పనిలో పడి రెండురోజులు అటు పోలేదు. పోయి చూసేసరికి గద్దె భుజాలెత్తు లేచింది. కింద వెడల్పు మెట్లు, మీదికి పోతున్నకొద్దీ సన్నబడుతున్న స్తంభం. ఆ ఆకారాన్ని మా జిల్లాలో చంటిపిల్ల కూడా గుర్తుపడుతుంది.

"గిదేంది మేస్త్రీ? గిట్ల కడుతున్నవ్?"

"గిట్లనే గద కట్టేది. కొట్లాటల పోయినోల్లకు గిట్లనే కడుతున్న నేను ఇన్నేండ్ల సంది."

"మావోడు సర్కారు దిక్కు కొట్లాడి పోయిండయ్యా!"

మేస్త్రి తాపీని రాయికి గీకుతూ ఆలోచించాడు. "సర్కారు దిక్కోల్లకు ఎట్ల కడుతరో నాకు తెల్వది. ఎవ్వలు కట్టియ్యలె."

"కట్టనియ్యిరా" అంది బాపమ్మ. "ఎత్తుగున్నది. మంచిగున్నది."

కట్టడం అయ్యాక ఆమే జాజు కలిపింది. జాజు అంటే ఎర్రమట్టి. మా దగ్గర దాన్ని గడపలకు పూస్తాం, దేవుని గద్దెలకు పూస్తాం. బాపు చేతులు జోడించినంత పనిచేశాడు. 

"అవ్వా, ఎరుపొద్దే. నీ కాల్మొక్త."

"జాజు పుయ్యకుంటె గద్దె ఎట్లయితదిరా? పోశమ్మకు పూస్తరు, గడపకు పూస్తరు, నా కొడుకుకు పుయ్యద్దా?"

పైనుంచి కిందిదాకా తన చేతులతోనే పూసింది. పేరు రాయించే ధైర్యం బాపుకు లేకపోయింది. అలా సిరిసిల్ల రోడ్డు పక్కన, పేరు లేకుండా, ఎర్రటి స్థూపం ఒకటి లేచింది.

మర్నాటి నుంచే దాని ముందు పూలు కనబడసాగాయి. కైకిలికి, అంటే కూలికి, పోయే ఆడవాళ్ళు చెప్పులు విడిచి మొక్కారు. సైకిలు మీద పోతున్న యువకులు అటూ ఇటూ చూసి పిడికిలి ఎత్తి పోయారు. బస్సులో మాట్లాడుతున్నవాళ్ళు అక్కడికి రాగానే మాటలు ఆపేవారు. "సూసినవా బిడ్డా, మీ కాకకు ఎంతమంది మొక్కుతున్నరో" అని బాపమ్మ మురిసిపోయేది. వాళ్ళు ఎవరికి మొక్కుతున్నారో బాపుకు తెలుసు. ఆయనకు రాత్రుళ్ళు నిద్ర పట్టేది కాదు.

ఒకనాడు సీతాఫలాల గంపతో ఒకామె వచ్చి మెట్టు మీద గంప దించింది. ముస్తాబాద్ వైపు నుంచి పండ్లు తెచ్చి సిరిసిల్లలో అమ్ముకునే మనిషి. వయసులో బాపమ్మ కంటే చిన్నది. కొంగుతో ముఖం తుడుచుకుని, స్తంభాన్ని కిందినుంచి పైదాకా చూసింది.

"ఎవల పిలగాడక్కా?"

"నా కొడుకు."

"ఏడ పోయిండు?"

"సముద్రంల."

"మావోడు అడివిల." కొంచెంసేపాగి అడిగింది. "సముద్రంల గూడ దళముంటదా అక్కా?"

"దళమేంది? నా కొడుకు మిలిట్రి. విమానం తోలిండు."

ఆమె చటుక్కున లేచి గంప అందుకుంది. బాపమ్మ గంప అంచు పట్టుకుని ఆపింది.

"ఏమాయె? నీ కొడుకును నా కొడుకు కొట్టిండా?"

"లేదక్కా."

"నా కొడుకును నీ కొడుకు కొట్టిండా?"

"అయ్యో, లేదు."

"మల్లేంది? కూసో."

ఆమె కూర్చుంది. వాళ్ళ ఊళ్ళో ఆమె కొడుక్కీ స్థూపం కట్టారట. ఉండనివ్వలేదట. శవాన్నీ ఆమె చూడలేదు. అడవిలోనే కాల్చారని ఎవరో చెబితే వింది. "నీది నయం అక్కా. నీకు జీపుల అచ్చి జెప్పిండ్రు" అంది. బాపమ్మ గంపలోంచి ఒక పండు తీసి విప్పి, సగం ఆమెకిచ్చి సగం నాకిచ్చింది.

అప్పటి నుంచి సిరిసిల్లకు పోయే ప్రతిసారీ ఆమె అక్కడ ఆగేది. ఆమె వచ్చే రోజును బట్టి బాపమ్మ చెలకకు బయలుదేరేది, నన్ను వెంట తీసుకుని. ఇద్దరూ కొడుకుల తిండి గురించి ఎక్కువ మాట్లాడుకునేవారు.

"మావోనికి పచ్చిపులుసు లేంది ముద్ద దిగకపోవు."

"మావోడు గంతే చెల్లె. ఉల్లిగడ్డ ఎక్కువ గావాలె మల్ల."

"గా అడివిల పచ్చిపులుసు ఎవలు పోసిండ్రో."

"లంకల మాత్రం ఎవలు పోసిండ్రు?"

ఒకసారి బాపమ్మ మెట్టు మీద రెండు ఆకులు పరిచి, రెండింట్లో అన్నం పెట్టి పచ్చిపులుసు పోసింది. మేము దూరంగా పోయి కూర్చున్నాం. కాకులు వచ్చాయి. ఏ ఆకులో ముందు వాలుతాయోనని ఇద్దరూ ఊపిరి బిగబట్టి చూశారు. కాకులకు ఆ పట్టింపు లేదు, రెండింట్లోనూ కెలికాయి. ఇద్దరు తల్లులూ ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. వాళ్ళు అలా నవ్వుతుంటే నాకు భయం వేసింది.

ఎస్సై వచ్చినరోజు కూడా పండ్లామె అక్కడే ఉంది. జీపు ఆగగానే కొంగు నెత్తి మీదికి లాక్కుని, "పండ్లు గావాల్నా సార్? మాగినయి" అంది. ఆ గొంతు నేనెప్పుడూ వినని గొంతు. ఎస్సై కుర్రవాడు, కోస్తా వైపు మనిషి. ఆమెను పట్టించుకోకుండా బాపమ్మ వైపు తిరిగాడు.

"అమ్మా, మీ అబ్బాయి గురించి వాకబు చేశాను. దేశం కోసం పోయాడు. అలాంటివాడికి ఇలాంటిది కడతారా? ఎవరిదనుకుంటున్నారో తెలుసా జనం?"

"తెల్వది సార్."

"పైనుంచి ఆర్డరొస్తే దీన్ని పడగొట్టేస్తారు. అప్పుడు నేనేమీ చేయలేను. తెల్లసున్నం వేయించండి. యూనిఫాం ఫోటో పెట్టండి. మేమే వచ్చి సెల్యూట్ చేస్తాం."

"తెల్లగేస్తె నిలవడుతదా సార్?"

"ఫోటో ఉన్నన్నాళ్ళూ ఎవరూ ముట్టుకోరు. నాదీ పూచీ."

బాపు ఆ సాయంత్రమే సున్నం తెచ్చాడు. జాజు మీద తెలుపు నిలవడానికి పూతమీద పూత వేయాల్సి వచ్చింది. బీరువాలోంచి పటం బయటికి వచ్చింది. పోలీసులు వచ్చి వరసగా నిలబడి సెల్యూట్ చేశారు. బాపమ్మ కొత్త చీర కట్టుకుని పక్కన నిలబడింది. కొడుకు డ్రెస్సులో, పట్టపగలు, నలుగురి ముందు ఉన్నాడు. ఆమె ఆ రోజు సంతోషపడింది. అది నేను చూశాను. కాదనలేను.

తర్వాత పండ్లామె వచ్చింది. గంప దించలేదు. రోడ్డు మీదే నిలబడింది.

"రా చెల్లె. కూసో."

"పోతనక్కా. పొద్దువోతది."

"ఎప్పుడు లేని పొద్దు ఇయ్యాల్నే పోతదా? కూసో."

ఆమె పటం వైపు చూసి తల తిప్పుకుంది. "మంచిగున్నడక్కా నీ కొడుకు. నిండుగున్నడు. కాని గా డ్రెస్సు ముందల నా కొడుకును యాది చేసుకుంట నేనెట్ల కూసుందు?" 

ఆమె నడిచి పోయింది. బాపమ్మ మెట్టు మీద ఒక్కతే చాలాసేపు కూర్చుంది. తర్వాత లేచి, పటం తీసి, కొంగు కింద పెట్టుకుని ఇంటి దారి పట్టింది. బాపు షెడ్డు గుమ్మంలో ఎదురొచ్చాడు.

"అవ్వా, గా పటం ఆడుంటెనే గద్దె ఉంటది. సార్ ఏం జెప్పిండు?"

"ఇన్న."

"మల్ల? గద్దె పోతె నీకు ఇంకో జాగా లేదు."

"నా కొడుకు కాడికి అచ్చి ఒగ తల్లి కూసోకుంట పోయిందిరా. గసొంటి జాగా నాకెందుకు?" పటాన్ని చీరల కింద పెట్టి బీరువా మూసింది. "గీడ ఉండుడు వానికి అలవాటే."

పండ్లామె మళ్ళీ వచ్చింది, మళ్ళీ కూర్చుంది. అది ఎన్నాళ్ళో సాగలేదు. ఒక పొద్దున చాచా పరుగున వచ్చి బాపును పిలిచాడు. మేము పోయేసరికి చెలకంతా రాళ్ళు. ప్రతి రాయికీ మీద సున్నం, దాని కింద జాజు. స్తంభం మొదలంటా పోయింది. మెట్లు కూడా మిగల్లేదు.

ఎవరు కూల్చారు? పటం లేదని పోలీసులా? పటం పెట్టారని అన్నలా? విలేకరినయ్యాక ఈ ప్రశ్న నా వెంటే తిరిగింది. రిటైరైన ఒక పోలీసాయనను అడిగాను. "మాది కాదమ్మా, నిజంగా కాదు" అన్నాడు. లొంగిపోయి సిరిసిల్లలో కిరాణం పెట్టుకున్న ఒకాయనను అడిగాను. "సైనికుని గద్దెను మేమెందుకు ముడుతం?" అన్నాడు. ఇద్దరూ నా కళ్ళలోకి చూసే చెప్పారు. అబద్ధాలు వినడం నా వృత్తి. వాళ్ళ మాటల్లో అబద్ధం నాకు వినబడలేదు. ఇద్దరూ నిజమే చెప్పారేమో అనుకున్నప్పుడు నాకు ఎక్కువ భయం వేస్తుంది. అంటే మా ఊరివాళ్ళే, రెండువైపులా భయపడ్డ మా సొంతవాళ్ళే ఎవరో గడ్డపార పట్టారన్నమాట. బాపు ఉన్నన్నాళ్ళు నేను ఆయనను ఆ ప్రశ్న అడగలేదు.

ఇప్పుడు బాపు లేడు. బాపమ్మ లేదు. కాక ముఖం కూడా నాకు పటంలో ఉన్నంత మేరకే గుర్తు. ఆ రోజుల్లోంచి చెక్కుచెదరకుండా నా దగ్గర మిగిలింది గద్దె కూలిన తర్వాతి ఒక ఉదయం.

పండ్లామె వచ్చి రాళ్ళ మధ్య నిలబడింది. బాపమ్మ అప్పటికే అక్కడ ఉంది. ఇద్దరూ ఏడవలేదు. కాసేపు రాళ్ళను అటూ ఇటూ జరుపుతూ తిరిగారు, ధాన్యంలో గడ్డలేరుతున్నట్టు.

"అక్కా, ఒగ రాయి నేను కొంచవోనా? మా పొలం గట్టు మీద పెట్టుకుంట. రాయంటె రాయే. ఎవ్వలు ఏమడుగుతరు?"

బాపమ్మ వంగి వెతికింది. అంచు విరగని రాయి దొరికేదాకా వెతికింది. కొంగుతో మట్టి తుడిచింది. గంపలో పండ్లు పక్కకు జరిపి, అడుగున గడ్డి సర్ది, రాయిని దాని మీద పెట్టింది. ఇద్దరూ చెరోవైపు పట్టి గంపను ఆమె నెత్తికెత్తారు. బరువుకు ఆమె మెడ ఒక్కసారి వణికి నిలదొక్కుకుంది. సిరిసిల్లకు పోలేదు ఆ రోజు. వచ్చిన దారినే వెనక్కి తిరిగింది.

చాలా దూరం పోయింది. గంప మాత్రమే కనబడుతోంది. అప్పటిదాకా బొమ్మలా నిలబడ్డ బాపమ్మ ఉన్నట్టుండి రోడ్డు నడుమకు పరుగెత్తింది. నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని, నేను అంతకుముందు ఎప్పుడూ విననంత గట్టిగా అరిచింది.

"చెల్లే! దించేటప్పుడు పైలమే! మెల్లగ దించు! కింద పడెయ్యకు!"